నెట్ అడగని పనిముట్టు

లైన్‌మన్ ఐలయ్య తలుపు బయట నిలబడి అరగంటైంది. తెగిన వైరు ఇంటి లోపలి బాక్సులో ఉంది. ఇంటి తాళమేమో నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది.

“అన్నా, పొయ్యి గూడ అంటుకుంటలేదు. పొద్దటి సంది పిల్ల పాలకేడుస్తున్నది,” లోపలి నుంచి సుగుణ అంది.

“తలుపు తెరిస్తేనే నెట్ వస్తది చెల్లె. నెట్ వస్తెగాని తలుపు తెరుసుకోదాయె. నన్నేం జెయ్యమంటవ్?”

ఆఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడి యంత్రం ఎంతో మర్యాదగా బదులిచ్చింది. “కస్టమర్ ఇంట్లో ఉండి కూడా తలుపు తీయలేదు. కావున కంప్లయింట్ క్లోజ్ చేయడమైనది.”

ఐలయ్య పళ్లు కొరుకుతూ సంచి వెతికాడు. వైర్లు అతికే మిషన్, మీటరు, చివరికి టార్చి కూడా లాగిన్ అడిగేవే. అడుగున నాన్న వాడిన సుత్తి చేతికి తగిలింది.

“పిల్లను దీస్కొని ఎన్కకు జరుగు చెల్లె,” అన్నాడు.