హంసికకు తెర పెట్టిన సినిమా

సినిమాలకు వయసు సర్టిఫికెట్లు పోయి అప్పటికి పదేళ్లయింది. ఇంటి గోడలోని తెరే ఎదుట కూర్చున్న పిల్లల గుండె చప్పుడు చదివి, వాళ్లు తట్టుకోగలిగిన సినిమా పెట్టేది. ఒక ఆదివారం కరీంనగర్‌లో పన్నెండేళ్ల హంసికకు అది పెద్దలు చూసే నెత్తుటి సినిమా పెట్టింది. తల్లి రజిత గాబరాగా ఆపేసి, ఎందుకు పెట్టావని తెరను అడిగింది.

"కొట్టడాలు ఈ పాపకు కొత్త కాదు," అంది తెర.

రజిత కూతురి వైపు తిరిగింది. "ఏడ చూసినవ్ బిడ్డా? నేను తిట్టను, చెప్పు."

హంసిక తల దించుకుంది. "మనింట్లనే. నాన్న నిన్ను కొట్టేటప్పుడు నేను తలుపు ఎన్క ఉంటనమ్మా."

పాపకేమీ తెలియదనే ధైర్యంతోనే రజిత ఐదేళ్లు ఓర్చుకుంది. వెంటనే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మేమిద్దరం వస్తున్నం. మళ్ల ఈ ఇంటికి రాము."