నేనే అన్నాను

ఎవరి ముఖాన్నైనా, గొంతునైనా యంత్రాలు అచ్చుగుద్దినట్టు పుట్టించే రోజులవి. తెర మీద కనిపించిన దేన్నీ జనం నమ్మడం మానేశారు.

కాకినాడలో కౌన్సిలరు పదవికి పోటీ చేస్తున్న నూకరత్నం తెర మీది సభలో ఒకనాడు నోరు జారింది. కుళాయి రావడం లేదని మొరపెట్టుకున్న జాలరిపేట ఆడవాళ్ళతో, "పక్కనే సముద్రం ఉందిగా, ముంచుకోండి!" అనేసింది.

"మిషను అల్లిందని చెబుదాం. పోటీలోంచి తప్పుకోవక్కర్లేదు," అన్నాడు భర్త వీర్రాజు.

చెప్పే పనే లేకపోయింది. జనమే అలా అనుకున్నారు. మనసొప్పక ఆమె తెర మీదే క్షమాపణ చెప్పుకుంది. అదీ ఎదుటి పార్టీ అల్లికేనన్నారు.

చివరికి తనే పేటకు నడిచి వెళ్ళింది. చేపలు ఎండబెడుతున్న పోలమ్మ ఆమెను చూసి, "నువ్వలా అనవని అందరితో దెబ్బలాడేనమ్మా," అంది.

"నేనే అన్నాను, పోలమ్మక్కా."

పోలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. రత్నం "అబ్బా!" అంది. పోలమ్మ ముఖం వాడిపోయింది. చేపలు తిరగేస్తూ కూర్చుంది.

"పోటీలోంచి తప్పుకోమంటావా, అక్కా?"

"తప్పుకుంటే మాకు నీళ్ళొచ్చేత్తాయా? నిలబడు. నా ఓటు మాత్రం నీకెయ్యను."

రత్నం కళ్ళు తుడుచుకుంది. ఊరంతటిలో తన మాట నమ్మిన మనిషి ఒకతి దొరికింది.