సగం గుట్టలో రెండు బండ్లు

"కావాలనే ఛార్జింగ్ పెట్టలేదా?" దోసె తిరగేస్తున్న ప్రేమజ్యోతి చెయ్యి అలాగే ఆగిపోయింది.

"కావాలనే. నిన్నంతా బండిని తిప్పి, అలాగే వదిలేసి వచ్చాను. ఇవాళ గుట్ట సగం ఎక్కేసరికి చతికిలపడుతుంది," అన్నాడు దేవకుమార్.

"మరి మీ ఉద్యోగం?"

"పోతుంది."

అమెరికాలో హెర్న్‌డన్ ఊరు దాటాక ఎత్తుపల్లాల మధ్య ఉన్న గోల్ఫ్ క్లబ్బులో అతను మెకానిక్కు. ఎనభై ఒకటిలో ఆ క్లబ్బువాళ్లు ఆటగాళ్లని మైదానమంతా తిప్పే చిన్న బండ్లు కొత్తవి కొందామనుకున్నారు. గ్యాస్‌వా, కరెంటువా అన్నదే పేచీ. గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలు. వచ్చిన కొత్తలో ప్రేమజ్యోతి మాత్రం ఆ బండ్లలో వంట సిలిండర్లు పెడతారనుకుని, వాటికి ఆమడ దూరంలో ఉండమని మొగుడికి మరీమరీ చెప్పి పంపేది.

గ్యాస్ బండ్లు కొంటే ఇంజన్లు చూసే వాల్టర్ ఉంటాడు. కరెంటువి కొంటే బ్యాటరీలు చూసే దేవకుమార్ ఉంటాడు. రెండో మనిషితో పనుండదని మేనేజరు మిసెస్ హాలండ్ ముందే చెప్పేసింది. ఏ బండి గుట్ట ఎక్కితే ఆ బండే కొంటారు.

"వాల్టర్ గారే లేకపోతే మనం ఎక్కడుండేవాళ్లం జ్యోతీ?"

ఆవిడకి వేరే చెప్పాలా! ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డప్పుడు, చర్చిలో పక్కన కూర్చున్న ఆ ముసలాయనే దేవకుమార్‌ని వెంటబెట్టుకెళ్లి పని ఇప్పించాడు. తన కోటు విప్పి తొడిగాడు. ఆవిడకి నొప్పులొచ్చిన రోజు, మంచులో కారు నడిపి ఆస్పత్రికి చేర్చిందీ ఆయనే. నోరు మాత్రం చెడ్డది.

"ఈ వయసులో ఆయనకింకెవరు పనిస్తారు? నాకైతే ఎక్కడో ఒకచోట దొరక్కపోదు," అన్నాడు దేవకుమార్.

ప్రేమజ్యోతి కొంగుతో కళ్లొత్తుకుని ఇంకో దోసె వేసింది. "అయితే కడుపునిండా తినండి. బరువెక్కితే ఇంకా త్వరగా ఆగుతుంది."

గుట్ట కింద వాల్టర్ రుసరుసలాడుతున్నాడు. "నా ఇంజన్ మీద చెయ్యి వేశావా కుర్రాడా?"

"లేదండీ. మీది నేనెప్పుడైనా ముట్టుకున్నానా?"

"ముట్టుకోకు. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

మిసెస్ హాలండ్ చెయ్యి ఊపింది. రెండు బండ్లూ కదిలాయి. దేవకుమార్ బండి సగం గుట్టలో మూలిగి ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని, వాల్టర్ తనని దాటిపోతాడని పక్కకి చూశాడు. వాల్టర్ బండి రెండుసార్లు దగ్గి, సరిగ్గా పక్కనే ప్రాణం విడిచింది.

దేవకుమార్ గబుక్కున అటు వంగాడు. "దిగి నెట్టనా అండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నోర్మూసుకుని కూర్చో," అన్నాడు వాల్టర్. ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

మిసెస్ హాలండ్ రొప్పుతూ ఎక్కి వచ్చింది. రెండు బండ్లనీ, ఇద్దరు మనుషుల్నీ మార్చి మార్చి చూసింది. "ఇదేం ఖర్మ! ఇందులో ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా నడిగుట్టలో దిగబడతాం. సగం అవీ, సగం ఇవీ కొందాం. ఒకటి ఆగితే ఇంకోటైనా లాక్కొస్తుంది."

"మరి మేము?" అన్నాడు దేవకుమార్.

"ఇద్దరూ ఉండండి. ఆగిపోయినప్పుడల్లా నేనొచ్చి నెట్టనా?"

దేవకుమార్‌ ప్రభువుకి మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాడు. ఒక్కరిని నిలబెట్టమని అడిగితే ఇద్దర్నీ నిలబెట్టాడు.

"ట్రాక్టరు తెస్తాను. నా బండి జోలికి వెళ్లావో, చూసుకో!" అని వాల్టర్ గబగబా కిందికి దిగిపోయాడు.

ఇంత మేలు జరిగాక ఆ మాట ఎవరు వింటారు? వాల్టర్ తిరిగొచ్చేలోపు ఆయన బండిని సిద్ధం చేసి పెడదామని దేవకుమార్ సీటు పైకెత్తాడు. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. ఇంజన్ దగ్గర చుక్క లేదు; గొట్టంలో మిగిలినదానితోనే సగం గుట్ట ఎక్కినట్టుంది. ట్యాంకు నుంచి గొట్టం వెంట వేలు జరుపుకుంటూ వచ్చాడు. వేలు మధ్యలో ఆగింది.

కావాలనే పెట్రోల్ కొళాయి కట్టేసి బయల్దేరాడు ముసలాయన.