రాములు మేస్త్రీ వస్తానన్న రోజు

ఆ ఉదయం నానాజీ తన షెడ్డుని రెండుసార్లు ఊడ్చాడు.

అనకాపల్లి బైపాస్ మీద మెకానిక్ షెడ్డుని ఎవరైనా ఊడుస్తారా? నానాజీ ఊడ్చాడు. కొత్త ప్లాస్టిక్ కుర్చీ కొని, దాని మీద ఉతికిన తువ్వాలు పరిచాడు.

గురువుగారు వస్తున్నారు మరి.

ఆ గురువుని అతను ఎప్పుడూ చూడలేదు. మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపులో 'రాములు మేస్త్రీ, రాజాం' అన్న పేరే తెలుసు. ఏ బండి మొరాయించినా స్కానర్ చూపించిన కోడ్‌ని ఫొటో తీసి పంపేవాడు. ఏం చెయ్యాలో ఆయన రాసేవారు. మూడేళ్లుగా అదే వరస.

"నాకు వినపడదు. ఫోన్ చెయ్యకు, రాయి" అన్నది ఒక్కటే ఆయన షరతు.

తండ్రి లేని నానాజీకి ఆ అక్షరాలే తండ్రి. ఒక్కసారి కనబడమని ఎన్నిసార్లు బతిమాలాడో లెక్కలేదు.

నిన్న జవాబు వచ్చింది.

"షెడ్డు అమ్మేసేను. రేపు అమ్మాయి ఊరు పోతన్నాను, ఇంక ఈ పని ముట్టను. దారిలో దిగి నిన్ను ఒక్కసారి సూసి ఎల్తాను."

పది దాటింది. మేస్త్రీ రాలేదు. స్నేహితుడు కన్నబాబు వ్యాన్ వచ్చింది, అదీ జనం తోస్తుంటే.

"రైలు టేషన్ కాడ మనుషుల్ని ఎక్కించుకుని వత్తంటే మజ్జిలో ఆగిపోయింది బావా. సెల్ఫ్ తిరుగుతంది, ఇంజిన్ అందుకోడం లేదు. పన్నెండింటికి పూడిమడకలో పెళ్లోళ్లు కూకున్నారు, నువ్వే దిక్కు."

వ్యాన్‌లో వచ్చినవాళ్లు తలో ఆటో చూసుకున్నారు. ఒక్కావిడ మిగిలింది. యాభై దాటిన మనిషి, చేతిలో బట్టల సంచి. మెల్లగా వచ్చి కొత్త కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, అందులో కాదు. అది మా గురువుగారికి. మీరు ఆ బల్ల మీద కూకోండి."

ఆవిడ గబుక్కున లేచింది. నలిగిన తువ్వాలు సరిచేసింది.

"మీ గురువుగారు ఎలాగుంటారు బాబూ?"

"నేనూ సూడలేదమ్మా. తెల్ల మీసం, తలపాగా, సింహంలాగుంటారని నాకు తోత్తాది. రాగానే కాళ్ల మీద పడిపోతాను."

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

నానాజీ వ్యాన్‌కి స్కానర్ తగిలించాడు. బండికి నాడి చూసే యంత్రం అది, జబ్బుని అంకెల్లో చెబుతుంది.

"క్రాంక్ సెన్సార్ బావా, ఇంజిన్ తిరుగుడు కనిపెట్టేది. మార్చేత్తే సరి."

"సెన్సార్ పోలేదేమో బాబూ," అంది బల్ల మీది ఆవిడ. "కోడు వీధి పేరే సెప్తాది. ఇల్లు మనమే ఎతుక్కోవాలి. దాని వైరు సెల్ఫ్ మోటార్‌కి రాసుకుంటందేమో ఓపాలి సూడు."

కన్నబాబు ఫక్కున నవ్వాడు.

నానాజీకి ఒళ్లు మండింది. గురువుగారు వచ్చే వేళకి తన షెడ్డులో ఎవరో ఆడమనిషి తనకి పాఠం చెబుతుంటే ఎంత నామోషీ!

"మిషన్ సెప్పినాక మీరు సెప్పేదేటమ్మా? పప్పుకి పోపు ఎయ్యడం కాదిది. అదిగో ఆటో వత్తంది, ఎక్కండి."

ఆవిడ కోప్పడలేదు.

"సల్లగా ఉండు నాయనా," అని సంచి తీసుకుని ఆటో ఎక్కింది. ఆటో కదిలేదాకా షెడ్డు వైపే చూసింది.

నానాజీ చూడలేదు. అతని కళ్లు వచ్చే బస్సుల మీద ఉన్నాయి.

కొత్త సెన్సార్ తెప్పించి బిగించాడు. సెల్ఫ్ కొట్టాడు. బండి ఉలకలేదు. స్కానర్‌లో మళ్లీ అదే కోడ్. పెళ్లివారి ఫోన్లు మొదలయ్యాయి. కన్నబాబు ముఖం మాడిపోయింది.

ఇంక గతిలేక నానాజీ బండి కిందకి దూరాడు. సెల్ఫ్ మోటార్ పక్కన చెయ్యి పెట్టి తడిమాడు. వైరు పైతొడుగు అరిగిపోయి, లోపలి రాగితీగ ఇనుముకి తగులుతోంది.

టేపు చుట్టి, వైరుని పక్కకి కట్టాడు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంది.

"ఆయమ్మ సెప్పిందే నిజమైంది కదేటి! అలాటి మనిషిని తోలేసేం బావా," అన్నాడు కన్నబాబు వ్యాన్ ఎక్కుతూ.

నానాజీకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ పేరైనా అడగలేదు. గురువుగారు రాగానే ముందు ఈ తప్పు ఒప్పుకోవాలనుకున్నాడు.

మూడయింది. ఆయన రాలేదు. మెసేజ్ పెడితే జవాబు లేదు. దారిలో ఏమైనా జరిగిందేమోనని రోడ్డెక్కి చూశాడు. ఈ రోజు తప్పితే ఇంక ఈ జన్మకి ఆయన్ని చూడలేనేమో అనిపించింది. షరతు తప్పి, మొదటిసారి ఆ నెంబరుకి ఫోన్ చేశాడు.

ఎవరో ఎత్తారు. అవతల రైలు చప్పుడు.

"రాములు మేస్త్రీగారున్నారాండీ? పొద్దుట్నుంచీ ఎదురుసూత్తన్నాను. ఆయన్ని ఒక్కసారి..."

ఉదయం షెడ్డులో విన్న గొంతే మెల్లగా పలికింది.

"మా ఆయన పోయి నాలుగేళ్లయింది బాబూ, ఈ మూడేళ్లూ నీకు రాసింది నేనే."