రెండో నంబరు

"బేరం తర్వాత. ముందు కూర్చోమ్మా" అన్నాడు ముసలి ఆర్వో.

ఆయన కారు కొనడానికొచ్చిన డార్లా డ్రైవరు సీట్లో కూర్చుంది.

ముసలాయన వంగి, తలుపు లోపల వేళ్లతో తడిమి, కూర్చునేవాళ్ల కొలతలు గుర్తుపెట్టుకునే రెండు బొత్తాల్లో రెండో నంబరుది నొక్కాడు. సీటు దానంతటదే ముందుకు జరిగింది. కాస్త పైకి లేచింది. స్టీరింగు కిందికి దిగింది. పక్క అద్దాలు తల తిప్పాయి.

డార్లా పొట్టి మనిషి. ఏ కారెక్కినా నడుం వెనక దిండు ఉండాల్సిందే. ఈ సీటు మాత్రం దర్జీ కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది.

"ఇంజను స్టార్టయిందా?" అని అడిగింది.

"ఎప్పుడో అయింది. జపాను వాళ్ల కారమ్మా ఇది. నడుస్తున్నానని చాటుకోదు."

ఆర్వో బానెట్ పట్టుకుంటూ చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె వైపు తిరగలేదు. ఎదురుగా ఉన్న షెడ్డు గోడనే చూస్తూ ఉండిపోయాడు.

"కారు నీదే" అన్నాడు చివరికి.

అంతకు ముందు వచ్చిన ఇద్దరు మగాళ్లని కూడా ఆయన ఇలాగే కూర్చోబెట్టి, తల అడ్డంగా ఊపి పంపేశాడట.

"ఇంత మంచి కారు ఎందుకమ్ముతున్నారు?"

"నడిపేవాళ్లు లేక. ఆ రెండో నంబరు మాత్రం మార్చకు. అప్పుడప్పుడు నన్ను సరస్సు వంతెన దాకా తీసుకెళ్తావా? ఊరికే. ఇలా పక్కన కూర్చుంటాను."

ఆయన ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడడు. తల పక్కకి తిప్పి ఓరగా చూస్తాడు. ఆ చూపు డార్లాకి నచ్చలేదు.

"తప్పకుండా. ఎప్పుడైనా" అంది.

అమెరికా ఉత్తరాన ఉన్న మా డులూత్‌లో ఆ మాటకి కుదరదని అర్థం. మొహం మీద కాదనడం మాకు చేతకాదు. ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలివాడైన ఆర్వోకి ఆ సంగతి తెలియంది కాదు. అయినా మర్నాటి నుంచి ఇంటి ముందు ఉత్తరాల డబ్బా దగ్గర నిలబడి ఎదురు చూశాడు.

డార్లా పనికి వెళ్లే దారి అదే. కారు దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తేవాడు. ఆమె కూడా చెయ్యూపి, ఆపకుండా వెళ్లిపోయేది.

"నీ ప్రియుడు చలిలో గడ్డకట్టుకుపోతున్నాడే, ఓ ముద్దు విసరరాదూ" అనేవాడు ఆమె భర్త కర్ట్.

"చాల్లే ఊరుకో. ఆ చూపు నీ మీద పడితే తెలిసేది."

ఒకసారి కిరాణా దుకాణం ముందు ఆమె గొంతు విని ఆర్వో ఆగాడు.

"ఈరోజు కుదురుతుందా అమ్మా?"

"అయ్యో, ఇవాళ పనుందండీ. ఎప్పుడైనా, తప్పకుండా."

"సరే. నేనెక్కడికీ పోను."

జనవరి చలికి కారు బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది వేయించాక చూస్తే, సీటు తన గుర్తులన్నీ మరిచిపోయింది. కర్ట్ కూర్చుని తనకి కావలసినట్టు అమర్చుకున్నాడు.

"రెండు బొత్తాలూ నీకేనా?" అంది డార్లా.

"ఒకటి చలికోటుతో, ఒకటి కోటు లేకుండా. నీకేం, దిండుందిగా."

డార్లా నవ్వేసింది. ఆర్వో మాట గుర్తు రాకపోలేదు. ఆయనకెలా తెలుస్తుందిలే అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం చర్చి భోజనాల్లో ఆర్వో పక్కింటి మేవిస్ డార్లా పక్కనే కూర్చుంది.

"మా ఆర్వో ఇవాళ మంచు తోసే బండికి చెయ్యెత్తాడు. మొన్న చెత్త బండికి. వాళ్లొకటే నవ్వు."

"ఎందుకలా?"

"ఏ బండో కనపడితేగా. కళ్లలో నడిమి చూపు పోయి చాలా కాలమైంది. అంచుల్లో నీడలు మిగిలాయంతే. నువ్వు ఎదురుగా నిలబడితే ఆయనకి లేనట్టే. పక్కన కూర్చుంటే ఉంటావు."

డార్లా పళ్లెం అక్కడే వదిలేసి లేచింది.

ఉత్తరాల డబ్బా దగ్గర కారాపి తలుపు తెరిచింది.

"ఎక్కండి ఆర్వో గారూ. వంతెన దాకా వెళ్దాం."

ఆర్వో టోపీ తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ చేత్తో సర్దుకుని ఎక్కాడు. చూపు ఎదురుగా నిలిపాడు. కాసేపటికి ఆయన మొహంలో వెలుగు తగ్గింది.

"రెండో నంబరు నొక్కమ్మా."

నొక్కింది. సీటు కర్ట్ కొలతకి వెనక్కి జారిపోయింది. డార్లా కాళ్లు పెడళ్లకి అందలేదు.

జరిగింది చెప్పింది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"పోనీలే, చేత్తో జరుపుదాం" అన్నాడు ఆర్వో.

"ఇలాగా?"

"కాస్త ముందుకి."

"ఇప్పుడు?"

"పైకి. ఊహూఁ, ఎక్కువైంది."

"ఇదా?"

"కాదమ్మా."

సీటు ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంది. కారు మాత్రం అక్కణ్నించి కదల్లేదు.

"పోనీ మీరే చెప్పండి, ఎంత ఎత్తుండాలో" అంది డార్లా.

ఆర్వో ఎదురుగా చూస్తూనే చెయ్యి చాపి, ఆమె తల పక్కన గాల్లో ఒకచోట ఆపాడు. కాస్త కిందికి దించాడు. మళ్లీ పైకెత్తాడు. చివరికి ఆ చెయ్యి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏమోనమ్మా, మా ఆవిడ ఐలీ బతికున్నన్నాళ్లూ ఈ సీట్లో ఎంత ఎత్తు కనపడేదో నేనెప్పుడూ కొలవలేదు, ఆ రెండో నంబరుకే తెలుసు."