పెద్ద గేటు

వంతెనను ఎత్తుకుపోయిన వరద వచ్చింది చూడండి, ఆ మరుసటి ఏడు. వంతెన లేదు గనక ఏడో నంబరు బస్సుకు దారి మార్చారు. కొత్త దారి ఆ చోటు మీదుగా పోతుంది.

యుద్ధంలో మనుషుల్ని రైళ్ళకెత్తి తెచ్చి చంపిన చోటు అది. ఆడా మగా, పిల్లా పీచూ. ఇప్పుడు పొడుగాటి గోడ, గేటు, లోపల గడ్డి మిగిలాయి. దాని పేరు తెలియనివాళ్ళు లేరు.

ఏడో నంబరు కండక్టరు మాటల్లో మహా పిసినారి. స్టాపుల పేర్లకు మాత్రం ఎక్కడలేని గొంతూ వస్తుంది.

“మార్కెట్టూ... మార్కెట్టు! సంచులు మీవే పట్టుకుపోండి, పక్కవాళ్ళవి వదిలేయండి!”

“ఆసుపత్రీ! రోగులు ముందు దిగండి, చూడ్డానికొచ్చినవాళ్ళు వెనకాల!”

బస్సంతా నవ్వుతుంది. ఆ గోడ మొదలవగానే ఆయన గొంతు దిగిపోతుంది. “పెద్ద గేటు” అంటాడు, తనలో తను అనుకున్నట్టు.

“బోర్డు మీద అంతలేసి అక్షరాలతో పేరుంటే పెద్ద గేటేంటి బావా?” అన్నాడు డ్రైవరు.

“గేటు పెద్దదేగా.”

ఒకరోజు బస్సు కిటకిటలాడుతోంది. టై కట్టుకున్న గుమాస్తా ఒకడు మెట్టు మీద వేలాడుతూ, “ఇది బస్సా, లేకపోతే...” అని ఆ చోటు పేరు చెప్పి పకపకా నవ్వాడు.

ఆ పేరు చెవిన పడగానే కండక్టరు గిరుక్కున తిరిగాడు. గంట కొట్టాడు. బస్సు ఆగింది.

“దిగు.”

“ఏదో జోకేశానయ్యా! నీకేం తగిలింది?”

“దిగు.”

గుమాస్తా దిగి, డిపోలో ఫిర్యాదు చేశాడు. డిపో మేనేజరు పిలిచి చివాట్లు పెట్టాడు. పనిలో పనిగా పాత చివాటు కూడా.

“ఆ సంచి పట్టీ అటు భుజానికి మార్చవయ్యా! పేరు బిళ్ళ ఎప్పుడూ దాని కిందే. బిళ్ళ ఇచ్చింది చొక్కాకు బరువని కాదు.”

“సరేనండీ” అన్నాడు కండక్టరు. మార్చలేదు.

ఆ వారంలోనే మార్కెట్టు దగ్గర ఒక ముసలావిడ ఎక్కింది. ఒళ్ళో కాగితంలో చుట్టిన తెల్లపూలు. ఆ చోటు పేరు చెప్పి టికెట్టు అడిగింది. ఎవరో పిలిచినట్టు కండక్టరు తలెత్తాడు.

“స్టాపు రాగానే చెప్పు నాయనా. నాకు చూపానదు.”

“చెప్తానమ్మా.”

గోడ వచ్చింది. గేటు వచ్చింది. జనం మధ్య ఇరుక్కుని ఆయన ఎప్పటిలాగే “పెద్ద గేటు” అన్నాడు. నలుగురు దిగారు. బస్సు కదిలింది.

ఆఖరి స్టాపులో చూస్తే ఆవిడ అలాగే కూర్చుని ఉంది, పూలతో.

“ఇంకా రాలేదా నాయనా?”

ఆవిణ్ణి అదే సీట్లో ఉండమన్నాడు. తిరుగు బస్సులో తీసుకొచ్చేసరికి గేటుకు తాళం పడింది. డ్రైవరు బస్సాపి, ఏం చెయ్యాలో తోచక హారన్ కొట్టాడు. లోపలినుంచి ఎవరూ రాలేదు.

“రేపు మధ్యాహ్నం నా రైలు. మళ్ళీ ఇంత దూరం రాగలనో లేదో” అంది ఆవిడ. “దాటిపోయినప్పుడు చెప్పలేదేం నాయనా?”

“చెప్పానమ్మా... పెద్ద గేటు అన్నాను.”

“పెద్ద గేటంటే నాకేం తెలుస్తుంది? అక్క ఎక్కడ పోయిందో తెలీకుండానే మా అమ్మ కన్నుమూసింది. ఏ చోటుని తలుచుకుని ఏడవాలో కూడా తెలీదు మాకు. అది ఈ చోటేనని ఈ ఏడే తెలిసింది. మా అక్కది నాకు మిగిలింది ఈ పేరొక్కటే. దాన్ని నోటితో అనడానికి నీకు నామోషీనా?”

“రేపు పొద్దున్నే రండమ్మా” అన్నాడు కండక్టరు.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని దిక్కులు చూస్తున్నాడు. ఆయనా, భార్యా యుద్ధం తర్వాత తెరిచిన ఒకే అనాథాశ్రమంలో పెరిగారు. ఆవిడ రేవులో దొరికిన పిల్ల. ఆశ్రమంలో రేవమ్మ అన్నారు, అదే ఉండిపోయింది.

“ఏమండీ, చూస్తే కడుపు నిండుతుందా?” అంది రేవమ్మ.

జరిగింది చెప్పాడు. ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

“ఆ ముసలావిడ అడిగింది తప్పంటారా?”

“కాదు.”

“మరి?”

“ఆ పేరు పెట్టి తిట్టుకుంటారు. జోకులేసుకుంటారు. నేను కూడా మార్కెట్టు, ఆసుపత్రి అని అరిచినట్టు అరవనా?”

“అరవమని ఎవరన్నారు? పలకమన్నారు.” అంది రేవమ్మ. “పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను రోజూ మనసులో అనుకుంటూనే ఉన్నాను ఆ పేరు. నాకెప్పుడూ తిట్టులా వినపడలేదండీ.”

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ముసలావిడ మళ్ళీ ఎక్కింది. అవే పూలు, కొంచెం వాడాయి. కండక్టరు ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి పక్కనే నిలబడ్డాడు.

గోడ మొదలైంది. ఆయన టోపీ తీశాడు. సంచి పట్టీని అటు భుజానికి మార్చాడు. ఎండ పడి బిళ్ళ మెరిసింది. గంట కొట్టాడు. బస్సు ఆగేదాకా ఆగి, ఒక్క అక్షరం కూడా మింగకుండా, ఆ చోటు పేరు పలికాడు.

పూలు పట్టుకుని లేచిన ముసలావిడ ఆయన గుండె మీదికి వంగి కూడబలుక్కుని చదివితే, ఆ గేటు లోపల ప్రాణంతో దొరికిన పసివాడికి ఆశ్రమంవాళ్ళు పెట్టిన పేరు, బిళ్ళ మీదున్న పేరు, ఆ పేరే.