తేటపడిన నీళ్లు

ఉప్పునీటి అక్వేరియం నెలరోజులుగా పసుపు రంగుకు తిరిగి కంపు కొడుతున్నా, ఫిల్టర్‌లో నీళ్లను తేటపరిచే బొగ్గు మార్చనివ్వలేదు వెర్నా. ఆ సాయంత్రం ఆమె భర్త గ్రేడీకి తిక్కరేగింది. అమెరికాలో, డులూత్ ఊళ్లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న అక్వేరియం దగ్గరికి దిగి, బొగ్గు గుళికలు గబగబా కడిగి, కొలతకు రెండింతలు ఫిల్టర్‌లో కుమ్మరించాడు.

"పగడపు జీవులు చచ్చిపోతున్నాయి! నీ మొండితనం తగలెయ్య!" అని మెట్లపైకి అరిచాడు.

అర్ధరాత్రికి నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. గ్రేడీ కసిగా నవ్వుకున్నాడు. అప్పుడు గమనించాడు, చేపలన్నీ ముందు అద్దానికి ఆనుకుని గుంపుకట్టాయి. మేత చల్లినా కదల్లేదు.

వెనక, రాళ్ల మధ్య గుహలో ఏదో నల్లటిది కదిలి సర్దుకుంది. ఆ రాళ్లు పేర్చింది తనే. వాటి మధ్య గుహలాంటి ఖాళీ మాత్రం తను వదల్లేదు.

ఫిల్టర్ మోటారు చప్పుడు ఆగిపోయింది.

"తేటపడ్డాయా?" మెట్ల మీద నుంచి వెర్నా పళ్లు కొరుకుతూ అడిగింది.

"ఆ రాళ్ల వెనక ఏముంది?"

"వద్దని ఎంత మొత్తుకున్నాను, చెవిన పెట్టావా?" ఆమె చప్పున లైటార్పింది. "నీళ్లు తేటపడితే అది నీకు కనపడటమే కాదు గ్రేడీ, దానికీ నువ్వు కనపడతావు."